అల్యూమినియం కొలువుకు నలభై ఏళ్ళు

1986లో పడమటి టెక్సస్‌లో, మార్ఫా అనే చిన్న ఊరి చివర, ఒక పాత సైనిక శిబిరం తలుపులు జనానికి తెరుచుకున్నాయి. ఒకప్పుడు ఫిరంగులు ఉంచిన షెడ్లలో వంద అల్యూమినియం పెట్టెలు బారులు తీరి ఉన్నాయి. బయట గడ్డిమైదానంలో కిలోమీటరు పొడవునా కాంక్రీటు దిమ్మెలు నిలబడి ఉన్నాయి. ఆ చోటి పేరు చినాటీ ఫౌండేషన్. దాన్ని నిలబెట్టిన శిల్పి డొనాల్డ్ జడ్. 2026తో ఆ కొలువుకు నలభై ఏళ్ళు నిండుతున్నాయి. శిల్పం అంటే ఉలి, సుత్తి, రాయి అనుకునే లోకానికి రేకునూ మరలనూ ప్లైవుడ్డునూ కళ్ళు విప్పి చూడటం నేర్పిన మనిషికి, ఆయన గీసిచ్చిన బొమ్మల ప్రకారం రేకు కోసిన, వంచిన పనివాళ్ళకు, ఆయన పోయాక ఇన్నేళ్ళుగా ఆ షెడ్లను కాపాడుతున్నవాళ్ళకు మనసారా అభినందనలు చెప్పాల్సిన వేళ ఇది.

జడ్ 1928 జూన్ 3న మిస్సోరీ రాష్ట్రంలోని ఎక్సెల్సియర్ స్ప్రింగ్స్‌లో, తాతగారి పొలంలో పుట్టారు. తండ్రి రాయ్ జడ్‌కు కలపపని బాగా వచ్చు. కొడుకు తొలినాటి చెక్క శిల్పాలను కొట్టిపెట్టడంలో ఆయన చెయ్యి ఉంది. పద్దెనిమిదో ఏట జడ్ సైన్యంలో చేరి, ఇంజినీర్ల దళంలో కొరియా వెళ్ళారు. వెళ్ళే ముందు, 1946 డిసెంబరులో, అలబామా నుంచి లాస్ ఏంజలస్‌కు బస్సులో పోతూ వాన్ హార్న్ అనే ఊళ్ళో ఆగి తల్లికి తంతి కొట్టారు. ఊరి జనాభా 1,260 అని, ఊరు బాగుందని, కొండలు అందంగా ఉన్నాయని అందులో నాలుగు ముక్కలు. వాన్ హార్న్‌కూ మార్ఫాకూ ఎంతో దూరం లేదు. ఆ ఎడారి ఆయన మనసులో అప్పుడే పాగా వేసిందని ఆ తంతి చదివితే అనిపిస్తుంది. తిరిగొచ్చాక కొలంబియా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, ఆ తర్వాత కళాచరిత్ర చదివారు. 1959 నుంచి 1965 దాకా ‘ఆర్ట్స్’ పత్రికకు కళాసమీక్షలు రాసి పొట్టపోసుకున్నారు. ఆ సమీక్షలు ఇప్పటికీ చదవదగ్గవి. చిన్న వాక్యాలు, నిక్కచ్చి తీర్పులు, ఎక్కడా డాంబికం ఉండదు. నచ్చితే నచ్చిందని, లేకపోతే లేదని రాసేవారు. ఆ నిక్కచ్చితనమే తర్వాత రేకు అంచుల్లోకి వచ్చిందని నా నమ్మకం.

మొదట ఆయన చిత్రకారుడు. కాన్వాసు మీద ఏ గీత గీసినా, ఏ రంగు వేసినా అది ఇంకేదో వస్తువులాగానో దూరంలాగానో భ్రమ కల్పిస్తోందని విసుగెత్తి గోడ మీది నుంచి నేల మీదికి దిగారు. 1962లో రెండు చెక్కలను లంబకోణంలో కలిపి, వాటి మధ్య ఒక నల్లటి లోహపు గొట్టం బిగించారు. చెక్కకు కాడ్మియం ఎరుపు పూశారు. ఎరుపే ఎందుకంటే, నలుపులో అంచులు మునిగిపోతాయి, తెలుపు మరీ పవిత్రంగా కనిపిస్తుంది. ఎరుపులో వస్తువు మూలలు, వంపులు కత్తితో కోసినట్టు తేలుతాయి. 1963 డిసెంబరులో న్యూయార్క్ గ్రీన్ గ్యాలరీలో ఇలాంటి ఎర్రటి చెక్క వస్తువులతో ప్రదర్శన పెట్టారు. పీఠం మీద ఒక్కటీ లేదు. నేల మీద పెట్టినవన్నీ నేరుగా మనం నిలబడే నేల మీదే.

చెక్కతో ఒక చిక్కుంది. అతుకులు కనిపిస్తాయి, వాన తేమకు వంకర పోతుంది, పలక మందం ఎక్కువ. జడ్‌కు కావాల్సింది లోపల డొల్లగా, పైన పలచగా, అంచు సూటిగా ఉండే ఆకారం. అది రేకుతోనే సాధ్యం. 1964లో ఆయన న్యూయార్క్‌లోని బెర్న్‌స్టీన్ బ్రదర్స్ అనే రేకుపని దుకాణానికి వెళ్ళారు. శిల్పి దుకాణంలోకి అడుగుపెట్టి, కాగితం మీద కొలతలు గీసి ఇచ్చి, ఇది చేసిపెట్టండి అని అడగడం అప్పట్లో కళాలోకానికి మింగుడుపడని సంగతి. ఆ దుకాణంతో ఆయన సంబంధం చాలా ఏళ్ళు సాగింది.

అక్కడ తయారైన పెట్టెల్లో ఒకదాన్ని దగ్గర నుంచి చూడాలి. గాల్వనైజ్డ్ ఇనుము, అంటే మన ఇళ్ళ మీద, పాకల మీద వేసుకునే జి.ఐ. రేకు. కరిగిన జింకులో ముంచి తీసినప్పుడు దాని మీద మంచుపూలలాంటి మచ్చలు పడతాయి. ఒక్కో పువ్వు ఒక్కో తీరు. వెలుగు మారితే ఒకటి వెండిలా మెరుస్తుంది, పక్కది బూడిదరంగులోకి తిరుగుతుంది. మామూలుగా మనం దాన్ని చూడం, దాని కింద కూర్చుంటాం. జడ్ ఆ రేకును తీసుకొచ్చి కంటికి ఎదురుగా గోడకు కొట్టి, దానికి రంగు పూయకుండా వదిలేశారు. జింకు పూలే నగిషీ. చేత్తో చెక్కిన పువ్వు ఇంతకంటే అందంగా ఉంటుందని నేను ఒప్పుకోను.

1965లో మొదలైన ఆయన ‘స్టాక్’ శిల్పాలు ఇలాంటి పెట్టెలను గోడ వెంబడి నిలువుగా బిగించినవి. పెద్ద స్టాక్‌లలో ఒక్కో పెట్టె ఎత్తు 9 అంగుళాలు, వెడల్పు 40, గోడ నుంచి ముందుకు 31. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఖాళీ కూడా సరిగ్గా 9 అంగుళాలే. పది పెట్టెలు బిగిస్తే శిల్పం దాదాపు 15 అడుగులు పైకి పోతుంది. ఇంటికప్పు తక్కువ ఎత్తుంటే పెట్టెలు తగ్గించాలి తప్ప ఖాళీని కుదించకూడదు. రేకు ఎంత ముఖ్యమో మధ్యలోని గాలీ అంతే ముఖ్యం. తర్వాత వచ్చిన స్టాక్‌లలో పెట్టె పైకప్పుకు, అడుక్కు రంగు ప్లెక్సిగ్లాస్ వేశారు. వెలుగు అందులోంచి దిగి గోడ మీద ఎర్రగానో నీలంగానో పరుచుకుంటుంది. పెట్టె లోపల ఏముందా అని మనం ఊహించుకోనక్కర్లేదు. కళ్ళకు కనబడుతూనే ఉంటుంది. జడ్ దాచింది ఏమీ లేదు.

ఈ పెట్టెల్లో చాలావాటి వెనక ఒక ముద్ర ఉంటుంది. శిల్పి పేరుతో పాటు బెర్న్‌స్టీన్ బ్రదర్స్ పేరు కూడా లోహంలో అచ్చు గుద్ది ఉంటుంది. వేలంపాటల్లో లక్షల డాలర్లు పలికే శిల్పం మీద రేకు వంచిన దుకాణం పేరు శిల్పి పేరు పక్కనే నిలిచింది. ఆయన మీద అప్పుడూ ఇప్పుడూ వచ్చే ఆరోపణ, చెయ్యి పెట్టకుండా చేయించుకున్నాడని. చెయ్యి పెట్టినవాళ్ళ పేరు ఆయన దాచలేదు కదా! ఏ రేకు ఎంత మందం ఉండాలి, మడత ఎక్కడ పడాలి, మర ఎక్కడ కనబడాలి అన్న నిర్ణయాలు ఆయనవి; దాన్ని తేడా రాకుండా వంచే నేర్పు దుకాణం పనివాళ్ళది. ఈ రెంటినీ విడదీసి ఒకదాన్ని కళ అనీ ఇంకోదాన్ని కూలి అనీ అనడం నాకు చేతకాదు. ఈ వేడుకలో వాళ్ళందరికీ వాటా ఉండాలని అందుకే అంటున్నాను.

1965లో అచ్చయిన ‘స్పెసిఫిక్ ఆబ్జెక్ట్స్’ వ్యాసంలో జడ్ తన కాలపు మంచి పనుల్లో సగమో, అంతకంటే ఎక్కువో చిత్రమూ కాదు, శిల్పమూ కాదు అన్నారు. ఫార్మికా, అల్యూమినియం, ఉక్కు, ప్లెక్సిగ్లాస్, ఇత్తడి లాంటి కొత్త పదార్థాలను అక్కడ పేరుపేరునా పలికారు. ఆ పదార్థాలు అంతకుముందు కళలోకి పెద్దగా రాలేదు కాబట్టి వాటికి పాత అర్థాల బరువు లేదు. పాలరాయి చూడగానే దేవత గుర్తొచ్చినట్టు అల్యూమినియం చూస్తే ఎవరూ గుర్తురారు. అది అల్యూమినియమే. పత్రికలవాళ్ళు దీనికంతా ‘మినిమలిజం’ అని పేరు పెడితే ఆయనకు ఒళ్ళు మండేది. ఆ కోపం సబబే. ఒక పెట్టెలో కొలత, వెలుగు, రంగు, లోహం, ఖాళీ ఇన్ని ఉండగా తక్కువ ఏముంది?

రంగుల విషయంలో ఆయన ఎంత ఇష్టపడి ఖర్చుపెట్టారో తెలిస్తే మినిమలిజం అనే మాట ఎవరూ అనరు. హార్లే డేవిడ్సన్ మోటార్‌సైకిళ్ళకు కొట్టే లాకర్ రంగును గాల్వనైజ్డ్ రేకు మీద కొట్టించారు. రాగి, ఇత్తడి, తుప్పు పట్టి ఎర్రబడే కార్టెన్ ఉక్కు, రంగెక్కించిన అల్యూమినియం, అన్నీ వాడారు. 1984 నుంచి స్విట్జర్లాండ్‌లోని లేనీ అనే కంపెనీ చేత పలచటి అల్యూమినియం రేకు పెట్టెలను చేయించి, కంపెనీలు వాడుకునే రంగుల పట్టీలోంచి రంగులు ఎంచి ఎనామెల్ పూయించి, బోల్టులతో బిగించారు. పసుపు పక్కన నలుపు, దాని పక్కన నారింజ, ఆ కింద లేతాకుపచ్చ. చూస్తుంటే పండగే. ఆయన పని చప్పగా ఉంటుందనుకునేవాళ్ళకు ముందు ఇవి చూపించాలి.

బయటివాళ్ళ చేత చేయించే పద్ధతికి ఒక ప్రమాదం ఉంది. కొలతలు చేతిలో ఉంటే ఎవరైనా చేసుకోవచ్చనే ఆలోచన పుడుతుంది. ఇటలీ సేకర్త జుసెప్పే పాంజా ఆయన రేఖాచిత్రాల హక్కులు కొనుక్కుని, ఆయన పర్యవేక్షణ లేకుండా కొన్ని పనులు చేయించారు. జడ్ వాటిని తనవి కావన్నారు, పత్రికల్లో నిలదీశారు. ఆ తగాదా వల్ల తేలింది ఏమిటంటే, దుకాణంలో తయారైనంత మాత్రాన శిల్పికి పట్టింపు లేదని కాదు. లోహం ఎంచుకోవడం, కొలత చూసుకోవడం, ఎక్కడ నిలబెట్టాలో తేల్చడం, అన్నీ ఆయన కళ్ళముందు జరగాల్సిందే.

ఎక్కడ నిలబెట్టాలన్నదే ఆయన్ని మార్ఫాకు తీసుకెళ్ళింది. 1968లో విట్నీ మ్యూజియం ఆయనకు పెద్ద ప్రదర్శన పెట్టింది. అదే ఏడు న్యూయార్క్‌లో 101 స్ప్రింగ్ స్ట్రీట్ అనే అయిదంతస్తుల పోతయినుప భవనాన్ని 68,000 డాలర్లకు కొన్నారు. 1870లో కట్టిన ఆ ఇంట్లో ప్రతి వస్తువునూ ఒక్కో చోట పెట్టి, ఇక కదపకుండా ఉంచడం అలవాటు చేసుకున్నారు. మ్యూజియంలలో రెండు నెలలకోసారి ఎక్కించి దించే పని ఆయనకు రోత. డబ్బాల్లో కట్టి లారీల్లో తిప్పితే రేకు సొట్టపోతుంది, అంతకంటే ముఖ్యంగా ఏ గదికి, ఏ వెలుగుకు సరిపడేలా తీర్చారో ఆ సంగతి మాయమైపోతుంది. 1970ల మొదట్లో వేసవులకు మార్ఫా రావడం మొదలుపెట్టి, ఊళ్ళో పాత సైనిక గిడ్డంగులను కొని ఇల్లుగా, పనిచోటుగా మార్చుకున్నారు. పిల్లలిద్దరూ అక్కడ పెరిగారు. పడుకునే మంచాలు, రాసుకునే బల్లలు ఆ ఊళ్ళో దొరక్క తనే గీసి చేయించారు. ఆ బల్లలు ఇవాళ పేరున్న ఫర్నిచర్.

ఆ తర్వాత డియా ఆర్ట్ ఫౌండేషన్ ముందుకొచ్చి ఫోర్ట్ డి.ఎ. రసెల్ అనే మూతపడిన శిబిరాన్ని కొనిచ్చింది. ఇప్పుడు చినాటీ చేతిలో ఉన్నది 340 ఎకరాలు. 1980ల్లో చమురు ధరలు పడిపోవడంతో డియా వెనకనున్న సంపద కరిగింది, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేని స్థితి వచ్చింది. జడ్ కోర్టుకెళ్తానన్నారు. చివరికి రాజీ కుదిరి, భవనాలూ కళాకృతులూ కొత్తగా పుట్టిన స్వతంత్ర సంస్థ చేతికి వచ్చాయి. దగ్గర్లోని కొండల పేరే దానికి పెట్టారు. నలభై ఏళ్ళ కిందటి ఆ పట్టుదల లేకపోతే ఇవాళ వేడుక చేసుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇక అల్యూమినియం పెట్టెలున్న ఆ రెండు షెడ్లు. మార్ఫా మొత్తంలో నేను ఒక్కచోటే చూడగలనంటే వీటి దగ్గరికే వెళ్తాను. పాత కట్టడాలకు పక్కలంతా పెద్ద పెద్ద తలుపులుండేవి. జడ్ ఆ తలుపులు తీసేసి నాలుగు చదరాలుగా విభజించిన గాజు కిటికీలు పెట్టించారు. చదునైన కప్పు కారుతుంటే, దాని మీద అర్ధవృత్తంగా వంగిన గాల్వనైజ్డ్ రేకుల కప్పు వేయించారు. దాంతో కట్టడం ఎత్తు రెట్టింపయింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఈ శిబిరంలో జర్మన్ ఖైదీలుండేవారు. గోడ మీద జర్మన్‌లో రాసిన హెచ్చరిక ఇప్పటికీ ఉంది: తల పోగొట్టుకోవడం కంటే దాన్ని వాడటం మేలని. దాన్ని ఆయన చెరపలేదు.

షెడ్లలో వంద పెట్టెలు, 1982 నుంచి 1986 మధ్య కనెటికట్ రాష్ట్రంలోని లిప్పిన్‌కాట్ కంపెనీలో తయారయ్యాయి. ఒక్కోటి ఎత్తు 41 అంగుళాలు, వెడల్పు 51, పొడవు 72. బయటి కొలత వందకు వందా ఒకటే. లోపల మాత్రం ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకదాంట్లో ఏటవాలుగా పలక అడ్డం వస్తుంది. ఇంకోదాంట్లో మధ్యలో సందు. ఒకటి పైన తెరిచి ఉంటుంది, ఒకటి రెండు పక్కలా. కొన్ని నాలుగు వైపులా మూసేసి ఉంటాయి. మిల్లు నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచిన అల్యూమినియం, మెరుగు పెట్టలేదు, పూత పూయలేదు. మరల తలలు పలకలో మట్టసంగా దిగి, కనబడుతూనే ఉంటాయి.

ఈ లోహం తన రంగు తాను చూపించదు. పొద్దున్నే తూర్పు కిటికీల నుంచి ఎండ పడితే పెట్టె పక్క బంగారు రంగుకు తిరుగుతుంది. కాసేపటికి అదే పలక మీద బయటి గడ్డి, ఎర్రమట్టి, ఆకాశపు నీలం పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఒక మూల దగ్గర నిలబడితే ఏది పలకో, ఏది దాని మీది ప్రతిబింబమో, ఏది అవతలి కిటికీయో ఒక్క క్షణం తేల్చుకోలేం. ఒక అడుగు పక్కకు వేస్తే ఇందాక గట్టిగా కనిపించిన గోడ గాజులా కరుగుతుంది. మబ్బు కమ్మితే వంద పెట్టెలూ ఒక్కసారిగా బూడిదరంగులోకి పోతాయి. పూత లేదు కాబట్టి వేలు తగిలితే చేతి చెమట లోహం మీద మరక కట్టి ఉండిపోతుంది. అందుకే అక్కడ చేతులు దగ్గర పెట్టుకుని నడవాలి. కర్మాగారంలో చల్లగా, కొలతగా, మరలతో తయారైన వస్తువు రోజంతా ఇన్ని రంగులు పలుకుతుంటే, కర్మాగారపు పదార్థానికి ప్రాణం లేదనే మాట నా నోట రాదు.

బయటి కాంక్రీటు పని 1980లో మొదలై 1984లో పూర్తయింది. 15 గుంపులు, మొత్తం 60 దిమ్మెలు. ఒక్కోటి రెండున్నర మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు, అయిదు మీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల మందం పలకలు. అన్నీ అక్కడే పోత పోసి నిలబెట్టారు. సెంట్రింగ్ పనీ స్లాబు పనీ తెలిసినవాళ్ళకు ఆ అంచులు చూస్తే కష్టం అర్థమవుతుంది. మనిషి నడిచి లోపలికి వెళ్ళేంత పెద్దవి. లోపల ఎండ, నీడ రెండు ముక్కలుగా పరుచుకుంటాయి, ఆ చివర నుంచి కొండలు కనబడతాయి.

చినాటీలో జడ్ ఒక్కడే ఉంటే ఇంత పొగడ్త రాసేవాణ్ణి కాదు. ఆయన తన మిత్రుల పనులకు అంతే శ్రద్ధగా చోటు కట్టారు. ఊళ్ళోని పాత ఉన్ని గిడ్డంగిలో, నలిపేసిన కార్ల రేకులతో జాన్ చాంబర్లేన్ చేసిన శిల్పాలున్నాయి. జడ్ రేకు వంచి సూటిగా నిలిపితే, చాంబర్లేన్ రేకును నుజ్జు చేసి పూలగుత్తిలా లేపారు; ఒకే లోహానికి ఇద్దరి మర్యాద. ఆరు బ్యారక్‌లలో డాన్ ఫ్లావిన్ ట్యూబ్‌లైట్లు గులాబీ, ఆకుపచ్చ, పసుపు, నీలం వెలుగులతో నిండి ఉన్నాయి. కొడుక్కు ఫ్లావిన్ అని పేరు పెట్టుకున్నంత స్నేహం జడ్‌ది. అయితే ఆ లైట్లు 2000లో వెలిగేనాటికి ఇద్దరూ లేరు.

జడ్ 1994 ఫిబ్రవరి 12న క్యాన్సర్‌తో న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 65. మార్ఫా దగ్గరి తన పొలంలోనే ఆయన్ని ఖననం చేశారు. అప్పటికి చినాటీ దగ్గర పెద్ద నిధి ఏమీ లేదు. ఆ గడ్డు కాలంలో పగ్గాలు పట్టి 2010 దాకా నడిపిన మరియానే స్టాకెబ్రాండ్‌కు, ఫ్లావిన్ బ్యారక్‌లను పూర్తి చేసి చూపించినందుకు, నా నమస్కారాలు. 2016లో శిబిరపు పాత ఆసుపత్రి స్థలంలో రాబర్ట్ ఇర్విన్ వెలుగునీడల కట్టడం చేరింది. ఎడారి ఎండకూ చలికీ రేకు పెరుగుతుంది, తరుగుతుంది, కిటికీలు వదులవుతాయి, కాంక్రీటు బీటలిస్తుంది. ఏసీ లేని ఆ షెడ్లను శుభ్రంగా ఉంచడం, ఏ మరా తుప్పు పట్టకుండా చూసుకోవడం ఏ రోజుకారోజు చేసుకోవాల్సిన పని. దాన్ని నలభై ఏళ్ళు నిలిపినవాళ్ళ పేర్లు ఏ గోడ మీదా ఉండవు. వాళ్ళకు ఈ అభినందనలో మొదటి వాటా.

టెక్సస్‌లో మనవాళ్ళు తక్కువేమీ కాదు. డాలస్‌లో, హ్యూస్టన్‌లో, ఆస్టిన్‌లో తెలుగు కుటుంబాలు వీధులకు వీధులున్నాయి. డాలస్ నుంచి మార్ఫాకు కారులో ఏడెనిమిది గంటలు. విమానమైతే ఎల్ పాసోలో దిగి మూడు గంటల ప్రయాణం. పిల్లలతో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు వెళ్ళేవాళ్ళు మార్ఫాలో ఒక రాత్రి ఆగమని నా మనవి. అల్యూమినియం షెడ్లకు పొద్దుటి వేళ టికెట్టు తీసుకోండి, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే వాటి సొగసు. గైడుతో చూడటం పూర్తయ్యాక కాంక్రీటు వరుస వెంబడి ఆ చివరి దాకా నడవండి, పిల్లలకు అదే ఎక్కువ నచ్చుతుంది. టోపీలు, మంచినీళ్ళు మరవొద్దు. 2028 జూన్ 3న జడ్ శతజయంతి. ఆ పండక్కి ఇంకా గడువుంది, ప్రయాణం పెట్టుకోవడానికి చాలినంత.